ఫైర్ స్టేషన్‌కు గుండె మెషిన్ ఇవ్వబోతే: నా అనుభవం

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉన్న మా పట్నంలో మా బావగారు తన చీరల దుకాణంలోనే కుప్పకూలిన రోజున, అంబులెన్స్ కంటే ముందు అక్కడికి చేరినవారు ఫైర్ స్టేషన్ సిబ్బంది. వారిలో ఒకప్పటి నా విద్యార్థి ఉన్నాడు. బావగారి ఛాతీ మీద రెండు చేతులూ మోపి, పైకే లెక్కపెట్టుకుంటూ ఆపకుండా నొక్కాడు. "షాకిచ్చే మెషిన్ లేదండి మాస్టారూ, మాకు చేతులే ఉన్నాయి" అని తరువాత ఆసుపత్రి వరండాలో అన్నాడు. బావగారు దక్కలేదు. మెషిన్ ఉంటే దక్కేవారని నేను చెప్పలేను. కానీ లయ తప్పి ఆగిన గుండెకు షాక్ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని తెలిశాక ఊరుకోలేకపోయాను.

ఆ మెషిన్ పేరు ఏఈడీ. ఛాతీకి రెండు ప్యాడ్లు అతికిస్తే గుండె లయను తానే చూసి, అవసరమైతేనే షాక్ ఇస్తుంది. మా వీధి సంఘానికి కోశాధికారిని కనుక చందాల పని నేనే చూశాను. రెండు మెషిన్లకు సరిపడా సొమ్ము త్వరగానే పోగైంది. సంఘానికి 80జి నమోదు ఉంది, అంటే చందా ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. 2000 రూపాయలు మించిన నగదుకు ఆ మినహాయింపు రాదు కాబట్టి పెద్ద మొత్తాలన్నీ చెక్కులుగానే తీసుకున్నాను.

దరఖాస్తు ఒడియాలో రాసి స్టేషన్‌కు తీసుకెళ్లినప్పుడు, అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగారు: "రెండేళ్లకు ప్యాడ్ల గడువు తీరితే కొత్తవి కొనేదెవరు?" నా దగ్గర జవాబు లేదు. పై కార్యాలయానికి వెళ్లిన కాగితం కూడా అదే ప్రశ్నతో తిరిగి వచ్చింది. అప్పుడు బాధపడ్డాను గానీ, ఆ ప్రశ్న న్యాయమైనదే. స్టాక్ రిజిస్టర్‌కు ఎక్కిన వస్తువు బాగోగులు ఆ స్టేషనే చూసుకోవాలి. ప్యాడ్ల మీది జెల్ వాడకపోయినా ఎండిపోతుంది, ఒకసారి వాడినవి మళ్లీ పనికిరావు, బ్యాటరీని కూడా కొన్నేళ్లకు మార్చాల్సిందే. గడువు తీరిన ప్యాడ్లతో గోడకు వేలాడే మెషిన్‌ను నమ్ముకోవడం ప్రమాదం.

రెండోసారి చందాకు తిరగడం చాలా కష్టమైంది. పెట్టె మీద తమ నాన్నగారి పేరు వేయించమని చెక్కు ఇచ్చినవారే ప్యాడ్లు అనేసరికి "అది ఆఫీసు ఖర్చు కదండీ" అన్నారు. చివరికి దారి చూపింది మా అక్క. "తమ్ముడూ, మీ బావ పేరు పెట్టె మీద వద్దురా. నీ పుస్తకంలో ప్యాడ్ల గడువు తేదీ పక్కన నా పేరు రాసుకో, ఆ ఏడు నా వంతు" అంది. ఆ మాటే ఇంటింటికీ చెప్పాను. తొమ్మిది కుటుంబాలు ఒక్కో విడత ప్యాడ్లకు ఒప్పుకున్నాయి. బ్యాటరీల కోసం లక్ష రూపాయలు సంఘం పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. ఆ తీర్మానం నకలు జతచేసి పంపిన దరఖాస్తుకు అనుమతి వచ్చింది.

కొనేటప్పుడు చౌకగా వచ్చే మెషిన్‌ను వదిలి, హిందీలో సూచనలు చెప్పేదే తీసుకున్నాం. కంగారులో ఇంగ్లీషు మాట అందరికీ అందదు. ఛాతీ చెమట తుడవడానికి తువ్వాలు, వెంట్రుకలు తీయడానికి రేజరు, బట్టలు కోయడానికి కత్తెర కూడా సంచిలో పెట్టించాం. మే నెల ఎండలో మూసి ఉన్న బండి లోపలి వేడికి ప్యాడ్లు పాడవుతాయని, మెషిన్లను ఫైరింజన్‌లో కాక తలుపు పక్కన కొక్కేనికి తగిలించి, పిలుపు వచ్చినప్పుడు తీసుకువెళుతున్నారు.

నెలకోసారి వెళ్లి, మెషిన్ సిద్ధంగా ఉందని చూపే పచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసి వస్తాను. నా పుస్తకంలో మొదటి వరుసలో అక్క పేరు ఉంది. ఆ గడువు ఇంకా అయిదు నెలలుంది. కొత్త ప్యాడ్లకు కొటేషన్ ఇప్పుడే అడిగాను.