గొంతు నొప్పికి చైనా వాళ్ళ నల్ల సిరప్

పోయిన డిసెంబర్లో నాకొచ్చిన గొంతు నొప్పి మామూలుది కాదండి బాబూ, ఉమ్ము మింగాలన్నా కళ్ళల్లో నీళ్ళొచ్చేవి, పైగా జ్వరం, పడుకుంటే చాలు ఒకటే పొడి దగ్గు. సింగపూర్‌లో మా బ్లాక్ కిందున్న క్లినిక్‌కెళ్తే డాక్టర్ లైట్ వేసి చూసి, వైరల్, యాంటీబయాటిక్ అక్కర్లేదు అని పారాసెటమాల్ ఇచ్చి పంపేశాడు. జ్వరమైతే తగ్గింది, దగ్గు మాత్రం పట్టుకుని వదల్లేదు.

పక్కింటి చైనీస్ ఆంటీకి నా దగ్గు విని విని విసుగొచ్చిందో ఏమో, తలుపు కొట్టి ఓ సీసా చేతిలో పెట్టింది. నిన్ జియోమ్ పేయ్ పా కోవా. ఇక్కడ సూపర్ మార్కెట్లలో కూడా దొరుకుతుంది. కంపెనీ 1946లో హాంకాంగ్‌లో పెట్టిందే గానీ మందు చైనాని ఏలిన చింగ్ రాజుల కాలం నాటిదంటారు, ఒక అధికారి వాళ్ళమ్మకి దగ్గు తగ్గకపోతే యే థియెన్‌షీ అనే పెద్ద వైద్యుడు రాసిచ్చాడట. కథ నిజమో కాదో గానీ లేబుల్ మీద తల్లీకొడుకుల బొమ్మ మాత్రం ఉంది.

స్పూన్లోకి వంచితే బెల్లం పాకంలా నల్లగా, చిక్కగా, తీరిగ్గా జారుతుంది. ముందు తీపి, తర్వాత కాస్త చేదు, గొంతులోకి దిగాక పుదీనా చలువ. పెద్దవాళ్ళకి రోజుకి మూడుసార్లు 15 మి.లీ., వెంటనే నీళ్ళు తాగొద్దు, గొంతుకి పట్టి ఉండనివ్వు అంది ఆంటీ. వేపుళ్ళూ దురియన్ పండూ వేడి చేస్తాయి మానెయ్యమంది కూడా, అచ్చం మా అమ్మమ్మే.

ఏమేం వేశారా అని చూస్తే లోక్వాట్ అనే పండ్ల చెట్టు ఆకు, చైనాలోని సిచువాన్ కొండల్లో దొరికే ఒక దుంప, తేనె, మెంథాల్, ఇంకా మన అల్లం, అతిమధురం! చిన్నప్పుడు గొంతు పట్టేస్తే ఇంట్లో నమలమని ఇచ్చే అతిమధురం పుల్లే.

దీంతోనే రోగం తగ్గిందని నేననను, వైరల్ దాని టైమొస్తే అదే పోతుంది, కానీ మింగడం తేలికైంది, రాత్రి దగ్గు లేకుండా నిద్రపట్టింది, నాకు కావాల్సింది కూడా అదే. అమ్మ ఫోన్లో విని ఒక సీసా పంపమంది, ఆవిడకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, ఇందులో తేనె, పంచదార ఎక్కువ, అతిమధురం బీపీ పెంచొచ్చు, అందుకే పంపనని చెప్పేశా. అక్క వాళ్ళ బుజ్జిదానికి కూడా వద్దన్నా, ఏడాది నిండని పిల్లలకి తేనె పట్టకూడదు కదా.