ఉప్పు డబ్బాకి బ్రెయిలీ లేబుల్: మూడు వారాల లెక్క

మాట్లాడే పోపుల డబ్బా చేద్దామని వెళ్ళాం. గిన్నె పైకి తీస్తే "జీలకర్ర" అని చెప్పాలి. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు, చిన్న స్పీకరు, ఏ గిన్నో బోర్డుకి తెలిపే ఆర్‌ఎఫ్‌ఐడీ స్టిక్కర్లు, అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ముందురోజే కొనిపెట్టుకున్నాం. దివ్యాంగులకు పనికొచ్చే వస్తువులు చేసే రెండు రోజుల హ్యాకథాన్ అది. మా బల్ల దగ్గరికి వచ్చిన అక్క టీచరు, పుట్టుకతో చూపు లేదు, ఇంట్లో వంటంతా తనదే. పది నిమిషాలు ఓపిగ్గా విన్నారు.

"తమ్ముడూ, ఆవాలో జీలకర్రో వేలికి తెలియదా? పసుపు, కారం వాసన చెప్పదా? ఉప్పేదో చక్కెరేదో, మైదా ఏదో బియ్యప్పిండేదో తెలిస్తే నాకు చాలు. అదీ తడిచేత్తో. ఛార్జింగు పెట్టే డబ్బా నాకొద్దు."

స్పీకరు సంచిలోకి పోయింది. ఇంకా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం, కోడు రాసి 3డీ ఆకారాలు గీసే ఓపెన్‌స్కాడ్‌లో లేబుల్ గీశాం. బ్రెయిలీ గడిలో ఆరు చుక్కల చోట్లుంటాయి, ఎడమ వరస 1, 2, 3, కుడి వరస 4, 5, 6. గడిలో చుక్కకీ చుక్కకీ మధ్య 2.5 మి.మీ., గడికీ గడికీ 6, చుక్క ఎత్తు 0.5, అడుగున వెడల్పు 1.5. కొలతల్లో తప్పు లేదు, తప్పంతా తెలుగులో వచ్చింది. కంప్యూటర్లో అక్షరాలు దాచే పద్ధతి యూనికోడు, అందులో "ప్పు" అంటే ప, పొల్లు, ప, ఉకారం, ఈ వరసలో ఉంటుంది. మా కోడు అదే వరసలో చుక్కలు పెట్టేసింది. బ్రెయిలీలో పొల్లుకి 4వ చుక్క, అది హల్లుకి ముందే రావాలి. అక్క వేలు ఆనించి, "ఉపప్... ఇదేం కూర?" అని నవ్వారు.

సరైన వరస ఇదీ: ఉ (1-3-6), తర్వాత 4, ప (1-2-3-4), మళ్ళీ ప, మళ్ళీ ఉ. మొత్తం అయిదు గడులు. గుణింతానికి వేరే గుర్తులుండవు, అచ్చునే హల్లు పక్కన రాస్తారు. ఈ మార్పిడి చేసిపెట్టే లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందని రాత్రి పదింటికి తెలిసింది. తెలుగు పట్టిక కూడా ఉంది అందులో. రెండు గంటలు దండగ.

కరిగిన ప్లాస్టిక్‌ని పొరమీద పొర పేర్చే 3డీ ప్రింటింగ్ దగ్గర ఇంకో పాఠం. లేబుల్ పలకని పడుకోబెట్టి 0.2 మి.మీ. పొరతో తీస్తే ఒక్కో చుక్కకి రెండు మూడు పొరలే పడతాయి, మెట్లుమెట్లుగా వచ్చి కొన గీరుకుంటుంది. నిలువుగా నిలబెట్టి, 0.12 పొరతో, పడిపోకుండా కింద 5 మి.మీ. బ్రిమ్ (చుట్టూ పల్చటి అంచు) వేసి తీస్తే చుక్కలు నున్నగా వచ్చాయి. ఈలోగా అక్క తన స్లేటూ స్టైలసూ (చేత్తో బ్రెయిలీ పొడిచే గడుల పట్టీ, మొన) తీసి, మందపాటి ప్లాస్టిక్ షీటు మీద కుడి నుంచి ఎడమకి టకటకా పొడిచి, ఒక్క నిమిషంలో లేబుల్ చేసి చూపించారు. మా ప్రింటరు బెడ్ అప్పటికింకా వేడెక్కుతూనే ఉంది! కాకపోతే తడి తగిలే చోట ఆ చుక్కలు నెల తిరిగేసరికి అణిగిపోతాయని ఆవిడే అన్నారు. అందుకే మా పని ఆపలేదు.

మూత మీద అతికించబోతే, "మూతలన్నీ ఒక్క సైజే కదా, కడిగి బోర్లించాక ఏది దేనిదో ఎవరు చూడొచ్చారు?" అన్నారు. కాబట్టి డబ్బా ఒంటికే. అది గుండ్రం, చదును పలక అంచులు లేచిపోయాయి. దారం చుట్టి చుట్టుకొలత తీసి, 3.14తో భాగించి వ్యాసం పట్టి, పలకకి అదే వంపు ఇచ్చాం. నిలువుగా ప్రింట్ చేస్తున్నాం కాబట్టి వంపు పెద్ద పనేం కాలేదు.

రెండో వారం ఫోన్: "మీ ఉప్పు వంకర పోయింది." వేణ్ణీళ్ళతో కడిగారట. మేం వాడిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, నాకు తెలిసీ వాడాను. వేడికి ఇంకాస్త ఓర్చుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌తో మళ్ళీ తీశాను. ఈసారి డబుల్ టేప్ ఊడింది. చివరికి పలకకి రెండు కొసల్లో చిల్లులు పెట్టి, టైలరు సామాన్ల కొట్లో దొరికే సన్న ఎలాస్టిక్ గుచ్చాను. డబ్బాకి బిగుతుగా పట్టింది, కడిగినా కదల్లేదు.

ఉప్పు, చక్కెర, మైదా, బియ్యప్పిండి అయ్యాయి. ఇప్పుడు ఇండక్షన్ స్టవ్‌కి కూడా లేబుల్ అడుగుతున్నారు. బటన్లన్నీ చదును గాజు కింద, వేలికి ఏమీ తగలదు. వంట జరుగుతుంటే ఆ బటన్ల పక్క గాజు ఎంత వేడెక్కుతుందో చూడాలి. ఆదివారం థర్మామీటరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నా.