గ్రూప్-1 వ్యాసంలో వాక్యాలను కలిపే మాటలు: నెల్లూరు నుంచి ఒక అనుభవం

గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు,

జనరల్ ఎస్సే 150 మార్కుల పేపరు. దానికి కావలసిన సమాచారం మనలో చాలామంది దగ్గర ఉంటుంది గానీ, ఒక పేరాలోంచి మరో పేరాలోకి వెళ్లే దారి ఉండదు. ఆ లోటును "అంతేకాకుండా", "మరోవైపు" వంటి మాటలతో పూడ్చమని కోచింగులో చెప్పేవారు. ఆ సలహాను నేను సగమే పాటించాను. కనిగిరి ఫ్లోరైడ్ నీళ్లకూ కృష్ణపట్నం ఓడరేవుకూ నడుమ "మరోవైపు" అని రాసినంత మాత్రాన ఆ రెండింటికీ చుట్టరికం కలవదు కదా!

మన జిల్లా సారా వ్యతిరేక ఉద్యమాన్నే చూడండి. "అక్షరాస్యతా తరగతులు జరిగాయి, ఫలితంగా 1992లో దూబగుంట మహిళలు తిరగబడ్డారు" అని రాస్తే, సారా వల్ల ఆ ఇళ్లు ఏళ్ల తరబడి పడ్డ బాధ లెక్కలోకి రాకుండా పోతుంది. "ఆ బాధను నలుగురూ కలిసి మాట్లాడుకునే వీలు తరగతుల్లో దొరకడంతో" అంటే కారణం ఎంతవరకో అంతవరకే చెప్పినట్లవుతుంది. 1993 అక్టోబరు 1న వచ్చిన సారా నిషేధాన్నీ, 1995 జనవరి నాటి సంపూర్ణ మద్యనిషేధాన్నీ చాలామంది "ఆ తర్వాత" అనే మాటతో కలుపుతారు. నిజానికి అక్కడ కావలసింది మాట కాదు, మధ్యలో జారిపోయిన విషయం: 1994 ఎన్నికల్లో ఎన్.టి.రామారావు ఇచ్చిన హామీ. అది చేర్చాక "ఆ తర్వాత" అవసరమే ఉండదు. 1997 నాటి సడలింపుకు మాత్రం "అయితే" చక్కగా సరిపోతుంది, ఖజానాకు తగ్గిన ఆదాయం సంగతి కూడా ఆ వాక్యంలోనే వస్తే.

తెలుగులో ఈ పని చాలావరకు క్రియలే చేస్తాయి. "నిషేధం విధించినా" అన్నాక మళ్లీ "అయినప్పటికీ" ఎందుకు? ఇంగ్లిష్ మెటీరియల్ చదివి తెలుగులో రాసేవారు ఈ ఒక్క చోట జాగ్రత్తపడాలి.

సాధన విషయానికొస్తే, వ్యాసానికి ముందు వేసుకునే ప్రణాళికలో ప్రతి రెండు అంశాల మధ్య కారణమా, వైరుధ్యమా, ఉదాహరణా అన్నది పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి. ఏదీ రాయలేకపోతే వాటి వరుస మార్చేవాణ్ణి, అప్పటికీ కుదరకపోతే రెండో అంశాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేసేవాణ్ణి.