నాన్న మెయిల్‌కి కొత్త తాళం

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే నాన్నతో పాటు పనిచేసి రిటైరైన సైన్సు మాస్టారు ఫోన్ చేసి, "మాస్టారూ, ఆపరేషన్ అయిందా, ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. ముందురోజు రాత్రి నాన్న మెయిల్ నుంచి ఆయనకి కబురు వెళ్లిందట, ఆసుపత్రిలో ఉన్నాను, ఫోన్లో మాట్లాడలేను, పదివేలు సర్దగలరా అని. ఆయన ఇంకేమీ ఆలోచించకుండా పంపేశారు. నా మీద నమ్మకంతోనే కదమ్మా పంపాడు, అని నాన్న ఆ రోజు సరిగ్గా అన్నం కూడా తినలేదు. వెంటనే ఆ మాస్టారి చేత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. డబ్బు పోతే ఈ నంబరుకి ఎంత త్వరగా చెబితే అంత మంచిది, అవతలి ఖాతాలోంచి తీసేలోపే ఆపించే అవకాశం ఉంటుంది.

నాన్న పాస్‌వర్డ్ నా పేరు, పక్కన నేను పుట్టిన సంవత్సరం. మెయిల్‌కీ అదే, కరెంటు బిల్లుకీ అదే, ఎప్పుడో ఒక్కసారి పుస్తకాలు కొన్న చిన్న సైటుకీ అదే. హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైటులో ఆయన మెయిల్ ఐడీ కొట్టి చూస్తే ఆ పుస్తకాల సైటు నుంచి వివరాలు బయటికి పోయాయని వచ్చింది. అక్కడి నుంచే పోయి ఉంటుందని నా అనుమానం. ఇలా దొరికిన మెయిల్, పాస్‌వర్డ్ జతల్ని ఎవరూ కూర్చుని టైప్ చెయ్యరు, ప్రోగ్రాము పెట్టి వరసగా మిగతా సైట్లన్నిటిలో కొట్టి చూస్తారు. పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. లింక్డ్‌ఇన్‌లో 2012లో చోరీ అయినవి 2016లో 11.7 కోట్ల ఖాతాల వివరాలుగా అమ్మకానికి వచ్చాయి, నాలుగేళ్ల తర్వాత! మనం మర్చిపోయిన పాస్‌వర్డ్‌ని కూడా దొంగలు దాచి ఉంచుతారు.

పాస్‌వర్డ్ మార్చేశాం, అయిపోయిందనుకున్నాం. మూడు రోజులైనా నాన్నకి ఒక్క మెయిల్ కూడా రాలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే, వచ్చిన ప్రతి మెయిల్ ఇంకెవరి అడ్రసుకో ఫార్వర్డ్ అయి, ఇక్కడ డిలీట్ అయ్యేలా ఒక ఫిల్టర్ పెట్టి ఉంది. బ్యాంకు పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే లింకు వచ్చేది చాలాసార్లు మెయిల్‌కే కదా, తల్చుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. అందుకే మీ ఖాతా ఎప్పుడైనా పరాయివాళ్ల చేతిలో పడితే ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే ఫోన్ నంబరు), లాగిన్ అయి ఉన్న డివైజులు, ఈ నాలుగూ తప్పకుండా చూడండి.

కొత్తదానికి నాన్ననే ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు అనుకోమన్నాను, గోంగూర, సైకిలు, మబ్బు, గొళ్లెం లాంటివి (ఇవి కావులెండి), ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాశాం. పొడుగ్గా ఉంది, ఆయనకి గుర్తుంటోంది. దేవుడి పేరు పక్కన 123 పెట్టడం, ఊరి పేరు, ఫోన్ నంబరు, ఇవి మన ఇళ్లలో ఎంతమందికి ఉన్నాయో మీకే తెలుసు. నేనైతే బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడతాను, ఉచితమే, ప్రతి సైటుకీ వేరే పాస్‌వర్డ్ అదే తయారుచేసి దాచుకుంటుంది. నాన్నకి అది అలవాటు కాలేదు, ఆయన నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టుకుంటానన్నారు. నేను సరేనన్నాను. ఎక్కడో కూర్చున్న దొంగ మా బీరువా తియ్యలేడు, అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టడం కంటే అది చాలా నయం. పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌తో ఇంకోసారి సరిచూసే టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా ఆన్ చేసి, ఫోన్ చేతిలో లేనప్పుడు పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు ప్రింటు తీసి ఎల్ఐసీ బాండ్ల దగ్గర పెట్టాం.

ఇక అమ్మది మిగిలింది. ఆవిడ మెయిల్ ఏదో అప్లికేషన్ కోసం నెట్ సెంటర్ అబ్బాయి చేసిపెట్టింది, పాస్‌వర్డూ అతను పెట్టిందే, దానికిచ్చిన ఫోన్ నంబరు ఆవిడ వాడటం మానేసి చాలా ఏళ్లయింది. వాడకం ఆగిన నంబర్లు కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, అప్పుడు రికవరీ కోడ్ వాళ్లకే పోతుంది. వచ్చే ఆదివారం అన్నిటికంటే ముందు ఆ నంబరు తీసేయించాలి.