బెల్టుని తిట్టే ముందు దారం పట్టి చూడు

మా మేనల్లుడు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. కిందటి చలికాలం సెకండ్ హ్యాండ్‌లో ఒక స్నోమొబైల్ కొన్నాడు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, అది మంచు మీద నడిచే బండి. ముందు రెండు స్కీలు, వెనక యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు రబ్బరు పట్టా, మధ్యలో బైకు సీటు. వీడిది 600 సీసీ టూ స్ట్రోక్. ఇంజిన్ బలాన్ని పట్టాకి అందించే బెల్టు ఒకటి ఉంటుంది దానికి. ఒక్క సీజన్‌లో అలాంటివి మూడు తెంపాడు. అక్కడ ఒక్కోటి వంద డాలర్ల పైనే.

సెప్టెంబర్‌లో ఫోన్ చేశాడు. "మావయ్యా, నాలుగో బెల్టు ఆర్డర్ పెడుతున్నా. ఏ కంపెనీది అయితే గట్టిగా ఉంటుంది?"

"బండి విప్పి చూశావా?"

"లేదు."

"విప్పకుండా బెల్టు ఎందుకురా, దండ వెయ్యడానికా?"

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా నాది స్కూటర్ల పని, అందులోనూ గేర్లు లేనివే ఎక్కువ. ఫ్రిజ్‌లో తప్ప నేను మంచు చూసింది లేదు. అయినా వాడు పక్క ప్యానెల్ తెరిచి కెమెరా తిప్పగానే నాకు మా షెడ్డులో ఉన్నట్టే అనిపించింది. ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో పళ్ల బెల్టు. ఇదంతా మనం రోజూ విప్పే సరుకే. 1958లో డచ్చి వాళ్ల డాఫ్ కారులో వచ్చిన పద్ధతే ఇది. మనకి 1980ల్లో కైనెటిక్ హోండాతో ఇంటింటికీ వచ్చింది. అక్కడ అదే మంచులో తిరుగుతోంది.

అలా మొదలైంది మా ఆదివారం పని. ఇక్కడ పొద్దున ఆరున్నర అయితే వాడికి శనివారం రాత్రి ఎనిమిది. నేను వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని, వాడు గ్యారేజీలో తలకి లైటు కట్టుకుని. నాలుగు వారాలు పట్టింది.

ముందు సంగతేమిటో చెప్తా. పుల్లీ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్లేల్లాంటివి. అవి దగ్గరికి వస్తే మధ్యలో ఉన్న బెల్టు అంచు వైపుకి ఎక్కుతుంది, దూరం జరిగితే లోపలికి దిగుతుంది. గేరు మారడమంటే ఇదే. మన స్కూటర్‌లో ఇంజిన్ వైపు పుల్లీలో ఆరు రోలర్లు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి పళ్లేన్ని తోస్తాయి. వాడి బండిలో రోలర్ల బదులు మూడు తూకపు ముక్కలు ఊగుతాయి. ఒక్కోటి విసురుకుంటూ ఒక చిన్న రోలర్‌ని నొక్కుతుంది, ఆ బలానికి పళ్లెం జరుగుతుంది. ఇంకో తేడా ఉంది. మనకి వెనక క్లచ్ షూలు వేరే ఉంటాయి. దానికి లేవు. బండి నిలబడి ఉన్నప్పుడు బెల్టు వదులుగా ఉంటుంది. ఇంజిన్ నిమిషానికి మూడున్నర నాలుగు వేల చుట్లకి వచ్చాక ముందు పుల్లీయే బెల్టుని పట్టుకుంటుంది. క్లచ్ పని, గేరు పని రెండూ దాని నెత్తినే. కాబట్టి అది బాగోకపోతే ఆ పాపం తగిలేది బెల్టుకే.

మొదటి వారం విప్పనివ్వలేదు. "పాత బెల్టులు ఉన్నాయా, పారేశావా?" అనడిగా. రెండు ఉన్నాయన్నాడు, అదృష్టం. చచ్చిన బెల్టు మరణ వాంగ్మూలం లాంటిది, పారెయ్యకూడదు. మొదటిది చూపించాడు. చుట్టూ బానే ఉంది, ఒక్కచోట మాత్రం నడుం దగ్గర నొక్కినట్టు సన్నబడి నల్లగా కాలింది. అంటే వెనక పట్టా కదలకుండా ఉన్నప్పుడు వీడు యాక్సిలరేటర్ నొక్కాడు. పుల్లీ ఒకేచోట బెల్టుని రాసి కాల్చింది. అడిగితే ఒప్పుకున్నాడు. రాత్రంతా బయట వదిలేస్తే పట్టా నేలకి గడ్డకట్టుకుపోతుందట. పొద్దున్నే ఎక్కి నొక్కాడట. అక్కడి పెద్దవాళ్లు బండి వెనక భాగం ఎత్తి, పట్టా ఊడిందని చూసుకుని గానీ కదలరట. మన దగ్గర బురదలో చక్రం దిగబడినప్పుడు కుర్రాళ్లు చేసే పనే ఇది. వాసనొచ్చేదాకా వదలరు.

రెండోది వేరే కథ. ఒకవైపు అంచు మాత్రమే పీచులు లేచి ఉంది, కొబ్బరి పీచు లేచినట్టు. రెండోవైపు నున్నగా ఉంది. ఇది నాకు నచ్చలేదు. దాన్ని మనసులో పెట్టుకున్నా.

రెండో ఆదివారం బెల్టు తీయించి పుల్లీలు చూశాం. తాళం తీసి జేబులో వేసుకోమన్నా, ఇంజిన్ చల్లగా ఉండాలి, అది మాత్రం రాజీ లేదు. రెండు పుల్లీల మీదా బెల్టు ఎక్కడ ఆనుకుందో అక్కడే నెలవంకలాగా తుప్పు. ఏప్రిల్‌లో బండి మూలన పెట్టి, బెల్టు తియ్యకుండా వదిలేశాడు. చెమ్మ కింద చిక్కుకుని తినేసింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆటోలో ఎక్కించుకుని తెచ్చిన స్కూటర్లన్నిటికీ ఇదే మచ్చ చూశా. లోపల ఒండ్రు కడిగేసి, బెల్టు మార్చి, పుల్లీ మీద తుప్పు అలాగే వదిలేసినవాళ్లు రెండు నెలల్లో మళ్లీ బెల్టు కోసం వచ్చారు. తుప్పు పట్టిన పళ్లెం అంటే గరుకు కాగితమే, బెల్టుని అరగదీస్తూనే ఉంటుంది.

గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ లాంటిది తీసుకుని రుద్దమని, తర్వాత అసిటోన్ గుడ్డతో తుడవమని చెప్పా. గోరు పెట్టి అంచు నుంచి లోపలికి గీస్తే ఎక్కడా తట్టకూడదు. గాడి పడి ఉంటే గోరే చెప్తుంది, వెర్నియర్ అక్కర్లేదు. కొత్త బెల్టుకి కూడా ఫ్యాక్టరీ జిడ్డు ఉంటుంది, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి వెయ్యాలి.

ఇక్కడ నేనొక తప్పు చెప్పాను. స్కూటర్ వెనక పుల్లీలో పిన్నులు జారే గాళ్లలో కొంచెం గ్రీజు పెట్టడం నాకు చేతి అలవాటు. అదే మాట వీడికీ అన్నా. "మావయ్యా, మాన్యువల్లో గ్రీజు, ఆయిల్ ఏమీ పెట్టొద్దని రాసుంది" అన్నాడు మెల్లగా. చూపించమన్నా. నిజమే. మనదానికి లోపల సీళ్లుంటాయి, గ్రీజు బయటికి రాదు. దానిది అంతా తెరిచిన వ్యవహారం. గ్రీజు పెడితే బెల్టు పొడి దానికి అంటుకుని బంకగా మారి అంతా పట్టేస్తుంది, చుక్క బెల్టు మీద పడితే జారుడే. బుష్‌లు పొడిగానే తిరగాలట. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్కోసారి ఇలా నోరుజారుతుంది.

మూడో ఆదివారం ముందు పుల్లీ మూత విప్పాం. ఆ మూత కింద బలమైన స్ప్రింగ్ నొక్కి ఉంటుంది. ఒక బోల్టు పూర్తిగా తీసి రెండోది మొదలుపెట్టబోయాడు. అరిచాను. మా ఆవిడ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. బోల్టులన్నీ ఎదురెదురుగా, తలా అర చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ, ఇంకో చేత్తో మూతని నొక్కి పట్టుకుని తియ్యాలి. ముఖం ఎదురుగా పెట్టకూడదు. విప్పే ముందు మూత మీద, కింది ముక్క మీద మార్కర్‌తో ఒకే వరసలో గీత పెట్టించా. ఇవి కలిపి బ్యాలెన్స్ చేసిన ముక్కలు. తిప్పి బిగిస్తే పుల్లీ అదురుతుంది, ఆ అదురు క్రాంక్‌కి పాకుతుంది.

లోపల మూడు తూకాలు. ఒక్కోదాన్ని వేలితో ఊపమన్నా. ఉయ్యాలలా ఊగి ఆగాలి, పక్కకి కదలకూడదు. మూడూ బాగానే ఊగాయి. రోలర్లు తిప్పమన్నా. రెండు తిరిగాయి. మూడోది నాలుగైదు సార్లు గీరుకుని ఆగిపోయింది. లైటు పెడితే దాని మీద చిన్న పలక తేలి ఉంది, దానికి ఎదురు ఉన్న తూకం ముక్క వీపున మెరిసే గాడి. గుండ్రంగా ఉండాల్సింది పలకబారితే తూకం దాని మీద నున్నగా జారదు, అక్కడ పట్టుకుని, ఒక్కసారిగా వదిలేస్తుంది. వీడు కిందటేడు "ముప్పై మైళ్ల వేగం దగ్గర ఒక కుదుపు ఇస్తుంది" అని చెప్పింది ఇదే. అది మార్చాలంటే మధ్యలో రోలర్లు బిగించి ఉండే ముక్క, స్పైడర్ అంటారు, అది విప్పాలి. చాలా బిగువుగా ఉంటుంది, ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. సుత్తి, ఉలి జోలికి పోవద్దని, ఆ పనిముట్టు ఉన్న షాపుకి పట్టుకెళ్లమని చెప్పా. వాళ్లు రోలర్లు మూడూ, గాడి పడ్డ తూకంతో పాటు తూకాలు మూడూ మార్చారు. ఒక్కటి మారిస్తే బరువులో తేడా వస్తుంది. వెనక పుల్లీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. స్ప్రింగ్ సరిగ్గానే ఉంది, లోపలి ప్లాస్టిక్ బటన్లు అరగలేదు.

అయినా ఆ పీచులేచిన అంచు నన్ను వదల్లేదు. రోలర్ పాడైతే బెల్టు రెండువైపులా తింటుంది గానీ ఒక్కవైపే తినదు.

మన స్కూటర్‌లో రెండు పుల్లీలూ ఒకే అల్యూమినియం పెట్టెలో ఉంటాయి. వాటి వరస తప్పదు, అందుకే నా బుర్రకి ఆ వైపు ఆలోచనే రాలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. మా నాన్న తెనాలి దగ్గర రైస్ మిల్లులో పనిచేసేవాడు. ఆయిల్ ఇంజిన్ ఒక దిమ్మె మీద, మిల్లు షాఫ్టు ఇంకో దిమ్మె మీద. మధ్యలో పొడుగాటి బెల్టు. బెల్టు ఒక పక్కకి నడుస్తోందంటే ఆయన బెల్టు వైపు చూసేవాడు కాదు. పురికొస తీసి రెండు పుల్లీల ముఖాల మీదా లాగి పట్టేవాడు, ఆ చివర నేను. దారానికీ ఇనుముకీ మధ్య సందు ఎక్కడుందో చూసి ఇంజిన్ కింద బోల్టులు వదులు చేసేవాడు. స్నోమొబైల్‌లో కూడా ఇంజిన్ వేరు, వెనక పుల్లీ ఉన్న షాఫ్టు వేరు. పైగా ఇంజిన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది.

నాలుగో ఆదివారం దారం పట్టమన్నా. గ్యారేజీలో దారం లేదు, చేపలు పట్టే నైలాన్ తీగ ఉంది. వెనక పుల్లీ ముఖానికి ఆనించి ముందుకి లాగాడు. ఆ బండికి రెండు పుల్లీలూ సమానంగా ఉండవు. ముందుది ఇంత ఎడంగా ఉండాలని మాన్యువల్‌లో కొలత ఇస్తారు. కాబట్టి ముందు పుల్లీ దగ్గర సందు ఉండడం తప్పు కాదు. కానీ ఆ పుల్లీ రెండు అంచుల దగ్గరా సందు ఒకేలా ఉండాలి. ఒకచోట దాదాపు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. "ఇంజిన్ కింద కర్ర పెట్టి కొంచెం ఎత్తరా" అన్నా. ఎత్తాడు. ఒక మూల అదిరి పైకి లేచింది. రబ్బరు దిమ్మె నిలువునా చీలిపోయి ఉంది.

నొక్కిన ప్రతిసారీ ఇంజిన్ ఒక పక్కకి ఒరిగేది, బెల్టు ఏటవాలుగా నడిచేది. మూడు బెల్టుల కోసం పోసిన డబ్బులో చిన్న ముక్కకి ఆ దిమ్మె వచ్చింది. వాడే మార్చుకున్నాడు. మళ్లీ దారం పట్టి కొలత పంపాడు, సరిపోయింది.

ఈ మధ్యలో మా ఆవిడ తన స్కూటర్ ఏడాదిగా కీచుమంటోందని, ఆదివారాలు అమెరికా బండ్లకేనా అని అడిగింది. విప్పాను. బెల్టు పళ్ల మధ్య అడ్డంగా పగుళ్లు. ఏ కస్టమరైనా ఇలా తెచ్చుంటే నాలుగు మాటలు అనుండేవాణ్ణి.

బెల్టు మీద ఉండే గార్డు బిగించకుండా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని, బెల్టు లేకుండా అసలే రేజ్ చెయ్యొద్దని వాడికి రెండుసార్లు చెప్పా. అక్కడ ఈ బండ్లు తిరిగే దారులు, ట్రెయిళ్లు, డిసెంబర్ 1 నుంచి తెరుస్తారట, మంచు పడితేనే అనుకోండి. చివరగా ఒక పని చేయించా. ముందు పుల్లీ పళ్లెం మీద లోపలి నుంచి అంచు దాకా మార్కర్‌తో ఒక నిలువు గీత. మొదటిరోజు కాసేపు పూర్తి వేగంలో నడిపి ఆపి చూడాలి. బెల్టు ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడిదాకా గీత చెరిగిపోతుంది. అంచు దగ్గర గీత మిగిలిందంటే ఇంకా పని ఉన్నట్టే. ఫోటో పంపిస్తానన్నాడు. నిన్న అడిగితే, ఇంకా గడ్డి కూడా మునగలేదు మావయ్యా అన్నాడు.