నాలుగు కిలోమీటర్ల ఉదయం: హైబ్రిడ్ కొలతలు, మూడో నెల

గురువారం ఉదయం దారిలో ఒక్క సిగ్నల్ కూడా ఎర్రగా పడలేదు. ఇంటి నుంచి ఆఫీసుకు 4.2 కి.మీ. ఎక్కడా బ్రేకు గట్టిగా నొక్కే అవసరం రాలేదు. ఇలాంటి ఉదయం కోసమే నెల రోజులుగా ఎదురుచూశాను. తీరా కారు ఆపి ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌కు తగిలించి లోపలి అంకెలు చదివే చిన్న పరికరం) చూస్తే 338 మి.లీ. పెట్రోలు కాలిందని ఉంది. అంటే లీటరుకు 12.4 కి.మీ. ఆగుతూ కదులుతూ వెళ్లిన బుధవారం 283 మి.లీ. మాత్రమే. సీటు బెల్టు తీయకుండా ఆ అంకె వైపే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

పెట్రోలు ఇంజిన్, బ్యాటరీతో నడిచే మోటారు రెండూ ఉన్న మా హైబ్రిడ్ కారును వీలైనంత తక్కువ పెట్రోలుతో నడపడం నా అభిరుచి. ఈ నెల కుదిరిన పనులు ముందే చెప్పేస్తాను. గంటకు 90 కి.మీ. దగ్గర నిలకడగా నడిపితే హైవే మీద లీటరుకు 24.1 వచ్చింది. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్కగడితే ఆరు ట్యాంకుల సగటు 22.4. డ్యాష్‌బోర్డు చూపినది 23.6, అంటే అయిదు శాతం ఎక్కువ. ఆ విషయం ఇక ముగిసింది. వేగం పెంచి జారవిడిచే పద్ధతి గురించి కూడా రాయను, ఈ అభిరుచి ఉన్నవాళ్లందరికీ అది వచ్చు.

మిగిలింది ఆ 4.2 కిలోమీటర్లే.

కొత్తగా చదివేవారి కోసం కార్ల సంగతి. మా కారు ప్లానెటరీ గేరుతో ఇంజిన్‌నూ రెండు మోటార్లనూ కలిపే రకం. అక్క కారులో మామూలు వేగంలో చక్రాలను మోటారే తిప్పుతుంది, ఇంజిన్ జనరేటర్ కోసం పనిచేస్తుంది. హైవే వేగంలో మాత్రం క్లచ్ కలిసి ఇంజిన్ నేరుగా చక్రాలను అందుకుంటుంది. కంపెనీల పేర్లు రాయడం లేదు. రెండూ ఏళ్ల తరబడి వాడిన కార్లు. ఒక్కో కారును కొలిచి కంపెనీ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు.

మొదటి 18 ఉదయాల సగటు 290 మి.లీ., లీటరుకు 14.5. బయట 13 నుంచి 15 డిగ్రీలు, రాత్రంతా ఆరుబయట నిలిపిన కారు, దారి ఒకటే, బయలుదేరే వేళ ఒకటే. అదే దారిలో అక్క కారును నేనే ఆరు ఉదయాలు నడిపితే 235 మి.లీ. వచ్చింది, లీటరుకు 17.9. తేడా 55 మి.లీ. ఇంత చిన్న దారిలో ఇది చాలా పెద్ద తేడా. నెలలో సగం రోజులు దీని గురించే ఆలోచించాను.

మొదట అనుమానించింది ఇంజిన్ వేడెక్కే దశను. తాళం తిప్పి కారు కదిలించగానే మా ఇంజిన్ దాదాపు 55 సెకన్ల పాటు, లాగే పని లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేనే పొగ శుభ్రపడుతుంది కాబట్టి అది తప్పదు. ఆ 55 సెకన్లకు 18 మి.లీ. పోతుంది. దీన్ని తప్పించుకోవచ్చని విద్యుత్ మోడ్ బటన్ నొక్కి మొదటి కిలోమీటరు పెట్రోలు లేకుండా నడిపాను. ఫలితం 305 మి.లీ.! తగ్గాల్సింది పెరిగింది. పైగా బ్యాటరీ 62 శాతం దగ్గర మొదలై 51కి పడిపోయింది. అక్కడే నాకు తట్టింది: ఇన్నాళ్లూ పెట్రోలు మాత్రమే లెక్కపెడుతున్నాను, బ్యాటరీలోంచి తీసిన అప్పును రాయడం లేదు.

కాబట్టి లెక్క మార్చాను. లీటరు పెట్రోలులో వేడి రూపంలో దాదాపు 8.9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది, అంటే కరెంటు బిల్లులో రాసే 8.9 యూనిట్లు. ఇంజిన్, జనరేటర్, బ్యాటరీ అన్నీ దాటి వచ్చేసరికి దక్కేది మూడు యూనిట్లని వేసుకున్నాను. మా బ్యాటరీ మొత్తం 1.3 యూనిట్లు. అందులో 11 శాతం అంటే 0.143 యూనిట్లు, పెట్రోలులో చెప్పాలంటే 48 మి.లీ. ఆ అప్పు కలిపితే విద్యుత్ మోడ్ ఉదయం ఖర్చు 353 మి.లీ. లీటరుకు 11.9. నెల మొత్తంలో అన్నిటికన్నా చెడ్డ అంకె. కారణం కూడా ఊహించగలను. ఇంజిన్‌ను చల్లగానే ఉంచి, ఎక్కువ శక్తి కావాల్సిన చోట ఒక్కసారిగా నిద్రలేపుతున్నాను. కారు తనంతట తాను చేసే పద్ధతే మేలు. చిన్న బ్యాటరీ ఉన్న హైబ్రిడ్లలో ఆ బటన్ వల్ల ఉదయం మేలు జరుగుతుందంటే ఇక నేను నమ్మను. రాత్రి ఇంటి ముందు చప్పుడు లేకుండా కారు జరపడానికి అది బాగుంటుంది, అంతే.

అదే లెక్క అక్క కారుకూ వేశాను. ఆమె బ్యాటరీ సుమారు ఒక యూనిట్. ఆరు ఉదయాల్లోనూ 71 శాతం చుట్టుపక్కల మొదలై 52 దగ్గర ఆగింది. 0.19 యూనిట్ల అప్పు, అంటే 63 మి.లీ. 235కు 63 కలిపితే 298. లీటరుకు 14.1! మా కారు ఒక శాతం ఎక్కువ నింపుకుని ఆగుతుంది కాబట్టి దానికి 4 మి.లీ. తగ్గించాలి: 286, లీటరుకు 14.7. నన్ను నిద్రపోనివ్వని ఆ 55 మి.లీ. తేడా లేనే లేదు. అక్క కారు ఉదయం అప్పు చేసి సాయంత్రం తీరుస్తోంది, మా కారు అప్పటికప్పుడు చెల్లిస్తోంది. ఏ రెండు హైబ్రిడ్లను పోల్చినా దూరం తక్కువైతే బ్యాటరీ శాతం మొదట, చివర తప్పక రాసుకోండి. లేకపోతే ఆ పోలికకు విలువ లేదు.

ఇంతకీ రెండు కార్లూ ఉదయం ఓడిపోతున్నాయి. ఎంత ఓడిపోతున్నాయో తెలుసుకోవడానికి ఆదివారం 30 కి.మీ. నడిపి ఇంజిన్లు బాగా వేడెక్కాక అదే 4.2 కి.మీ. దారిలో మళ్లీ కొలిచాను. మా కారు 183, అక్క కారు 187, రెండూ బ్యాటరీ లెక్క సరిచేశాకే. అంటే చల్లటి ఇంజిన్‌కు మేం రోజూ కడుతున్న సుంకం వంద మిల్లీలీటర్లకు పైనే. మా కారులో సరిగ్గా 103.

ఆ 103 ఎక్కడికి పోతోంది? మొదటి 55 సెకన్లకు 18. రెండు సిగ్నళ్ల దగ్గర కలిపి సుమారు 70 సెకన్లు నిలబడితే, ఇంజిన్ ఆగకుండా తిరిగినందుకు మరో 20. లోపలి హీటర్ వేస్తే 15, ఎందుకంటే కూలెంట్‌లో, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవంలో, చేరాల్సిన వేడిని అది లాగేసుకుంటుంది. ఉదయం రివర్స్‌లో బయటికి తీసి తిప్పుకోవడానికి 7. మొత్తం 60. మిగతా 43 చిక్కబడిన ఆయిల్‌కు, చల్లటి టైర్లకు, మొదట్లో ఎక్కువగా పోసే పెట్రోలుకు పోతోందని నా ఊహ. ఇంకో కోణంలో చూసినా కుదురుతోంది: అయిదు లీటర్ల కూలెంట్‌ను 14 నుంచి 70 డిగ్రీలకు తేవాలంటే దాదాపు ఒక మెగాజౌల్ వేడి కావాలి. లీటరు పెట్రోలులో ఉండేది 32 మెగాజౌళ్లు. అంటే ఒక్క కూలెంట్‌కే 30 మి.లీ. పెట్రోలు వేడి కావాలి, ఇంజిన్ లోహం సంగతి వేరే.

ఇక గురువారం నాటి 338 దగ్గరికి వస్తాను. కొలతలు రాసుకునే పుస్తకం వెనక్కి తిప్పితే అలాంటివి మరో రెండు కనిపించాయి: 331, 326. మూడు రోజులకూ ఒకటే పోలిక. మూడు రోజులూ సిగ్నళ్లన్నీ పచ్చగా ఉన్నాయి! రీడర్ గీసిన గీతలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడింది. మా ఇంజిన్‌కు దశలున్నాయి. కూలెంట్ 40 డిగ్రీలు దాటాక కొంత సడలుతుంది. 70 దాటినంత మాత్రాన మాత్రం స్వేచ్ఛగా ఆగడం మొదలుపెట్టదు. 70 దాటాక కారు ఒక్కసారి పూర్తిగా నిలబడి, కొన్ని సెకన్లు అలాగే ఉండాలి. అప్పుడు ఇంజిన్ ఆగుతుంది, ఆ తర్వాతే జారుతున్నప్పుడు ఆగడం నేర్చుకుంటుంది. మామూలు రోజుల్లో రెండో సిగ్నల్ ఆ పని చేసిపెడుతోంది. దారంతా పచ్చగా ఉన్న రోజున కారు ఎక్కడా నిలబడదు, ఇంజిన్ చివరిదాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో బ్యాటరీ 64 దాకా నిండిన మాట నిజమే, కానీ పోయిన పెట్రోలులో అది సగం కూడా తిరిగి ఇవ్వదు.

ఇది కనిపెట్టిన రోజు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. శుక్రవారం నుంచి కూలెంట్ 70 దాటగానే, అంటే సుమారు 2.6 కి.మీ. దగ్గర, ఖాళీగా ఉన్న చోట పక్కకు తీసి పది సెకన్లు ఆపుతున్నాను. సిగ్నళ్లన్నీ పచ్చగా ఉన్న రెండు రోజుల్లో 281, 284 వచ్చాయి. ముందు రాత్రే కారును బయటికి తిరిగి ఉండేలా నిలపడం, 60 డిగ్రీలు దాటేదాకా హీటర్ వేయకపోవడం కూడా కలిపితే గత వారం సగటు 262, లీటరుకు 16.

నా లక్ష్యం 18. ఇంకా 29 మి.లీ. దూరంలో ఆగిపోయాను. సోమవారం ఒక్క తప్పూ చేయకుండా నడిపితే 259. మంగళవారం మళ్లీ 264. ఇక్కడి నుంచి కదలడం లేదు.

నడిపే తీరులో తీయగలిగినది ఇక లేదనుకుంటున్నాను. చల్లదనాన్ని కంపెనీలే తీయాలి. టొయోటా ఆ ప్రయత్నం చేసింది కూడా. తన హైబ్రిడ్ కారు ప్రియస్ రెండో తరాన్ని అమెరికాలో అమ్మినప్పుడు అందులో ఫ్లాస్కు లాంటి పాత్ర ఉండేది. వేడి కూలెంట్‌ను దాచి మర్నాటి ఉదయం ఇంజిన్‌లోకి పంపేది. మూడో తరంలో దాన్ని తీసేసి, పొగ వేడితో కూలెంట్‌ను కాచే ఏర్పాటు పెట్టారు. అది బరువు తక్కువ, సులువు, నిజమే. కానీ దానికి ముందు ఇంజిన్ తిరగాలి. నాలాంటి నాలుగు కిలోమీటర్ల మనిషికి ఆ ఫ్లాస్కే మేలు.

కంపెనీ చెప్పే మైలేజీకి, ఇంట్లో వచ్చే మైలేజీకి ఇంత దూరం ఎందుకో కూడా ఈ ఉదయాలే చెబుతున్నాయి. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి పరీక్ష మార్చి, ఎక్కువ వేగం, ఏసీ, మైనస్ 7 డిగ్రీల చలిలో నడపడం లెక్కలోకి తెచ్చారు. అప్పటిదాకా గ్యాలనుకు 55 మైళ్లున్న ప్రియస్ సగటు 46కు దిగింది. మన లెక్కలో 23.4 నుంచి 19.6. కారు అదే, ప్రశ్నే మారింది. ఫోర్డ్ సీ-మ్యాక్స్ హైబ్రిడ్ సంగతి ఇంకో రకం. ఇంజిన్, మోటార్లు ఒకటే కావడంతో అంతకన్నా నాజూగ్గా గాలిని చీల్చే ఫ్యూజన్ సెడాన్ కొలతే దానికీ వేసి గ్యాలనుకు 47 మైళ్లన్నారు, 2013లో దాన్ని 43కు తగ్గించుకోవాల్సి వచ్చింది. గాలి ఎంత కఠినమైన పరీక్షకుడో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక కార్లు నచ్చడం గురించి. తెలిసిన ఏడుగురు హైబ్రిడ్ యజమానులను ఈ నెల ఒకటే అడిగాను: మళ్లీ ఇదే కొంటారా, ఎందుకు? మైలేజీని ముందు చెప్పినది ఇద్దరే. మిగతావారు చెప్పినవి ట్రాఫిక్‌లో చప్పుడు లేకుండా కదలడం, బ్రేకు ప్యాడ్లు ఏళ్ల తరబడి అరగకపోవడం, పెట్రోలు బంకుకు తరచూ వెళ్లాల్సిన పని లేకపోవడం. అక్క మాట నేరుగా రాసుకున్నాను. "ఎక్సలరేటర్ నొక్కితే కారు ముందు కదలాలిరా, శబ్దం తర్వాత రావాలి. నీ కారులో శబ్దం ముందు వస్తుంది. లీటరుకు ఒకటి తక్కువ వచ్చినా నేను దీన్నే ఉంచుకుంటాను." చెప్పింది నిజమే. ఎత్తు ఎక్కేటప్పుడు మా ఇంజిన్ ఒకే స్థాయిలో అరుస్తుంది, వేగం నిదానంగా వస్తుంది. నాకు అలవాటైంది, ఆమెకు కాలేదు.

అలాగని మైలేజీని ఎవరూ పట్టించుకోరని కాదు. 2009లో హోండా తన హైబ్రిడ్ ఇన్‌సైట్ రెండో తరాన్ని తెచ్చినప్పుడు జపాన్‌లో ఏప్రిల్ నెలలో, కేయీ తరగతి చిన్న కార్లు కాక మిగతావాటిలో, అదే మొదటి స్థానంలో నిలిచింది. మే నెలలో మూడో తరం ప్రియస్ వచ్చి ఆ స్థానం తీసుకుంది. అమెరికా లెక్కల్లో ఇన్‌సైట్‌కు గ్యాలనుకు 41 మైళ్లు, ప్రియస్‌కు 50. ఇన్‌సైట్‌లో మోటారు ఇంజిన్ ఇరుసుకే బిగించి ఉండేది, మోటారుతో వెళ్లినా ఇంజిన్ వెంట తిరగాల్సిందే. ఆ కూర్పు తేలిక, సులువు, నాకు ఇష్టం కూడా. కానీ ఊళ్లో నడిపే కారుకు అది సరైనది కాదు.

నాకు ఇప్పుడు అసలైన ఆసక్తి మూడో రకం మీద ఉంది. హ్యుందాయ్ ఐయోనిక్ హైబ్రిడ్ ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లను తానే మార్చుకునే ఏర్పాటు) పెట్టి, 2017లో తన పొదుపైన మోడల్‌తో అమెరికా లెక్కలో 58 తెచ్చుకుంది, అప్పటి ప్రియస్ ఎకో 56 మీద. గేర్లు మారుతున్నట్టు తెలిసే కారు అక్కకు నచ్చుతుందని నా నమ్మకం. చల్లటి ఉదయం అది ఎలా నడుస్తుందన్నది నా ప్రశ్న. ఆఫీసులో ఒకరి దగ్గర అలాంటి డ్యూయల్ క్లచ్ హైబ్రిడ్ ఉంది, వచ్చే వారం అయిదు ఉదయాలు ఇస్తామన్నారు. ఈలోగా మా కారు ముందు గ్రిల్ కింది సగాన్ని ఫోమ్ గొట్టాలతో మూసి చూస్తాను. 70 డిగ్రీలు 2.6 బదులు 2.2 కి.మీ. దగ్గర వస్తే అదే చాలు. కూలెంట్ 90 దాటితే వెంటనే తీసేయాలి. ఆదివారం రాత్రికల్లా ఆ మూడో కారు బ్యాటరీ శాతం కూడా మా రీడర్‌లో కనిపించేలా చేసుకోవాలి, అది లేకుండా సోమవారం తాళాలు తీసుకోను.