కోళ్ల గూటికి రాత్రి భద్రత: పని ఎంతవరకు వచ్చిందంటే

గోడల జాలీ అయిపోయింది. నేల చుట్టూ వేయాల్సింది కూడా వేశాను. తలుపు ట్రయల్‌లో ఉంది. ఎలుకల సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

ఒక పెట్ట రాత్రికి రాత్రి మాయమవడంతో ఈ పని మొదలైంది. నెత్తురు లేదు, పెనుగులాడిన జాడ లేదు. గూటి వెనక కొన్ని ఈకలు, కంచె దగ్గర ఇంకొన్ని. జాలీ కొనే ముందు అసలు వచ్చిందెవరో తేల్చుకోవాలనుకున్నాను. పైనుంచి ఎక్కే జంతువుకి కింద జాలీ వేసి ఏం లాభం?

కోడి మొత్తం పోయి ఈకలే మిగిలితే నక్కలాంటిదేదో నోట కరుచుకుపోయిందనుకోవచ్చు. నాలుగైదు చచ్చి పడి, తినకుండా వదిలేసి ఉంటే ఎక్కువగా అది కుక్కల పని. గుడ్లు పెంకుతో సహా కనబడకపోతే ముందు పామునే అనుమానించాలి, కానీ ఎలుకలు కూడా గుడ్లు లాక్కుపోతాయి. కోడి గూట్లోనే ఉండి తలో కాలో లేకపోతే, బయటినుంచి జాలీ కన్నంలోంచి లాగిందన్నమాట. వీటిలో ఏదీ గట్టి సాక్ష్యం కాదు. ఒకటి చంపి వదిలేసింది ఇంకొకటి వచ్చి తినొచ్చు.

అందుకే గూటి చుట్టూ మెత్తటి మట్టి పలచగా పరిచి, రోజూ సాయంత్రం చదును చేసి, పొద్దున్నే చూడటం మొదలుపెట్టాను. కుక్క, నక్క అడుగుల్లో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి మామూలుగా పడవు. నాకు దొరికినవి గోళ్లున్న అడుగులు, పక్కనే నేల గీరిన జాడ. తవ్వే రకం అని అర్థమైంది. దాంతో నేల పని ముందుకు వచ్చింది.

గూటికి ఇప్పటిదాకా ఉన్నది ఆరు పలకల కన్నాలుండే సన్నతీగ జాలీ. అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుందే తప్ప, బయటినుంచి వచ్చేదాన్ని ఆపదు. బలమైన కుక్క పట్టి పీకితే చిరిగిపోతుంది. దాని బదులు అర అంగుళం చదరపు కన్నాల వెల్డ్ మెష్ (తీగలు కలిసే ప్రతిచోటా అతికించిన గట్టి జాలీ) వేశాను. 19 గేజ్, అంటే తీగ మందం సుమారు 1 మిల్లీమీటరు. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. అంగుళం కన్నం చాలదా అని అడిగేవాళ్లుంటారు. 2 సెంటీమీటర్ల కన్నం దొరికితే ఎలుక దూరిపోతుంది, కాబట్టి చాలదు.

మెష్ ఎంత మంచిదైనా బిగింపు సరిగా లేకపోతే దండగ. స్టేప్లర్ పిన్నులు లాగితే ఊడొస్తాయి. వెడల్పాటి వాషర్లు వేసి ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక స్క్రూ బిగించాను, అంచుల మీద చెక్క బద్ద కొట్టాను. మెష్ ఫ్రేముకి బయటి వైపు ఉండాలి. అప్పుడు జంతువు తోసినా అది చెక్కకే ఒత్తుకుంటుంది. కోసిన తీగ కొనలు బ్లేడులా ఉంటాయి, చేతికి తోలు గ్లౌజులు వేసుకుంటే మంచిది.

ఇక నేల. గోడ పొడవునా లోతుగా కందకం తవ్వి జాలీ పాతిపెట్టడం ఒక పద్ధతి. నడుం విరుగుతుంది. నేను రెండో పద్ధతి పట్టుకున్నాను: మెష్‌ను ఎల్ ఆకారంలో వంచి, ఒక భాగం గోడకి బిగించి, మిగతాది నేలమీద బయటి వైపుకి 45 సెంటీమీటర్లు పరవడం. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది. గోళ్లకి తీగ తగులుతుంది, పక్కకి జరిగి మళ్లీ అక్కడే గీరుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలని దానికి సాధారణంగా తట్టదు. నేలకి ఇనుప మేకులు దిగ్గొట్టి, పైన మట్టి, మూలల్లో రాళ్లు వేశాను. గడ్డి మొలిచాక వేళ్లు మెష్‌ను ఇంకా పట్టేస్తాయి. ఇది వేశాక గీరిన జాడ ఒకసారి కనబడింది, అంతకుమించి లోపలికి పోలేదు.

భయంతో గాలి కిటికీలు కూడా మూసేయకండి. రెట్టల నుంచి వచ్చే అమ్మోనియా, తేమ లోపలే ఉండిపోతే కోళ్లకి శ్వాస జబ్బులు పట్టుకుంటాయి. కిటికీలు తెరిచే ఉంచి వాటికీ అదే మెష్ బిగించాను.

కోళ్లు పడుకునే కర్ర జాలీ పక్కనే ఉండేది, దాన్ని అడుగు పైగా లోపలికి జరిపాను. కోళ్లకి చీకట్లో చూపు ఆనదు. కర్రెక్కి కూర్చున్నాక పక్కన ఏం జరుగుతున్నా కదలకుండా ఉండిపోతాయి. జాలీకి ఆనుకుని పడుకున్న కోడి రెక్క బయటినుంచి పంజాకి అందుతుంది.

ఎక్కువ బుర్ర తినేస్తున్నది తలుపే. పొద్దుగూకగానే కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి, ఆ తర్వాత తలుపు పడాలి. రోజూ ఆ టైముకి ఇంట్లో ఉండటం కుదరదు కాబట్టి బ్యాటరీతో నడిచే ఆటోమేటిక్ తలుపు పెట్టాను. టైమర్ మీద నడిపితే, సూర్యాస్తమయం సీజన్‌తో మారుతుంది గనక సెట్టింగ్ మారుస్తూ ఉండాలి. లైట్ సెన్సర్ అయితే ఆ గొడవ లేదు గానీ, మబ్బు కమ్మితే త్వరగా మూసుకుంటుంది, దగ్గర్లో వీధిలైటు ఉంటే ఆలస్యం చేస్తుంది. రెండూ కలిపాను: వెలుతురు తగ్గాకే మూయాలి, కానీ ఫలానా టైముకి ముందు మూయకూడదు. మూయడానికి కాస్త వ్యవధి కూడా ఇచ్చాను. కొత్తగా ఎదిగిన పెట్టలు చివరిదాకా బయటే తిరుగుతాయి, వాటిని బయట పెట్టి తాళం వేస్తే ఇంత పనీ వృథా.

తలుపు కింది అంచు ఒక గాడిలోకి దిగాలి. లేకపోతే పంజా దూర్చి పైకి ఎత్తేస్తుంది. కోడి అడ్డొస్తే ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి, నేను స్పాంజి ముక్క పెట్టి పరీక్షించాను. ఏం చేసినా రాత్రి టార్చి పట్టుకుని ఒకసారి తలలు లెక్కపెట్టి వస్తున్నాను. పొద్దున కూడా తెల్లవారగానే తెరవడం లేదు, నక్కలు మసక వెలుతురులోనూ తిరుగుతాయి. నేను లోపలికి వెళ్లే పెద్ద తలుపుకి గొళ్లెంతో పాటు స్ప్రింగ్ కొక్కెం తగిలించాను. రకూన్లు (అమెరికా వైపు రాత్రిపూట తిరిగే పిల్లంత జంతువులు) తిరిగే చోట్ల ఉత్త కొక్కెం ఏ మూలకీ చాలదు, చేతుల్లాంటి ముందుకాళ్లతో ఎత్తేస్తాయి.

మెరిసే లైట్లు కొనమని చాలామంది చెప్పారు. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. లైటు వల్ల తమకేమీ కాదని తెలిశాక జంతువులు దానికి అలవాటు పడతాయి. కదలికకి వెలిగే లైటు ఒకటి పెట్టుకున్నాను, అది ప్రధానంగా నా టెన్షన్ తగ్గడానికే. గూటి లోపల మాత్రం రాత్రంతా లైటు వద్దు, వాటికీ నిద్ర కావాలి.

ఎలుకలు మిగిలాయి. మేత మిగిలితే ఎలుకలు, ఎలుకల కోసం పాములు. సాయంత్రం మేత తొట్టి తీసి, గట్టి మూతున్న ఇనుప డబ్బాలో పోసేస్తున్నాను, గుడ్లు కూడా చీకటి పడకముందే ఏరేస్తున్నాను. విషం పెట్టను. చచ్చిన ఎలుకని కోడి పొడిచినా, గుడ్లగూబ తిన్నా వాటికీ ప్రమాదమే. రాకపోకలు కొంచెం తగ్గాయి, కానీ నీళ్ల తొట్టి వెనక ఒక బొరియ ఇంకా వాడకంలోనే ఉంది.

కర్రలు జరిపేటప్పుడు చెక్క సందుల్లో సన్నటి ఎర్ర పురుగులు కనిపించాయి. ఈ మైట్స్ పగలు దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. వాటిని ఏ మెష్ ఆపలేదు. ఆ చెక్కలన్నీ ఊడదీసి, కడిగి ఎండబెట్టాను. వాటి సంగతి విడిగా చూడాలి.

ఇక మిగిలిన పని: బొరియ చుట్టూ మెష్ పరవడం, రేకు కింద చూరు దగ్గర వేలు పట్టేంత సందు ఉంది, దాన్ని మూయడం, తలుపు బ్యాటరీ పూర్తిగా అయిపోతే అది ఏ స్థితిలో ఆగుతుందో చూడటం. తెరిచి ఆగితే మళ్లీ మొదటికొచ్చినట్టే, అందుకే ముందు ఆ పరీక్షే చేస్తాను.